నడివయసు డిమెన్షియా: మరపు కన్నా ముందు కనిపించేవి

డిమెన్షియా అన్నది ఒకే ఒక వ్యాధికి పెట్టిన పేరు కాదు. జ్ఞాపకం, భాష, ఆలోచన, కంటికి కనిపించేదాన్ని అర్థం చేసుకునే శక్తి, సాటి మనుషుల పట్ల నడవడిక వంటి సామర్థ్యాలలో ఒకటో కొన్నో క్రమంగా క్షీణించి, ఉద్యోగాన్నీ ఇంటి వ్యవహారాన్నీ సొంతంగా నడుపుకోలేని స్థితికి మనిషిని చేర్చినప్పుడు, ఆ స్థితిని వైద్యులు ఈ పేరుతో పిలుస్తారు. దాని వెనుక ఆల్జైమర్స్ ఉండవచ్చు, మెదడు రక్తనాళాల జబ్బు ఉండవచ్చు, మద్యం ఉండవచ్చు, అరుదైన జన్యులోపం ఉండవచ్చు. లక్షణాలు 65 ఏళ్ల లోపు మొదలైతే దానిని పిన్నవయసు డిమెన్షియా అని వేరుగా లెక్కిస్తారు. ఈ 65 అనే హద్దుకు జీవశాస్త్రంలో ఆధారమేమీ లేదు. పాశ్చాత్య దేశాలలో అది ఉద్యోగ విరమణ వయసు కావడం వల్ల వైద్యంలోకీ వచ్చి స్థిరపడింది. 64వ ఏట మొదలైన ఆల్జైమర్స్‌నూ 66వ ఏట మొదలైన ఆల్జైమర్స్‌నూ సూక్ష్మదర్శిని కింద చూసి వేరుచేయడం ఎవరికీ సాధ్యం కాదు. అయినప్పటికీ ఆ హద్దుకు ఒక ప్రయోజనం ఉంది: దానికి ఇవతల ఉన్నవారిలో వ్యాధి చాలాసార్లు మరపుతో మొదలుకాదు, కాబట్టి మరపు కోసమే వెతికే కళ్లకు అది ఏళ్ల తరబడి చిక్కదు.

ఆల్జైమర్స్ వ్యాధి చరిత్రే ఇందుకు తొలి సాక్ష్యం. 1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో చేరేనాటికి అగస్టె డీటర్ వయసు 51 ఏళ్లు. ఆమెలో మొట్టమొదట కనిపించిన మార్పు భర్త మీద అనుమానమని, ఆ తరువాతే మరపు వేగంగా ముదిరిందని, సొంత ఇంట్లోనే దారి తెలియక వస్తువులను అటూ ఇటూ మోసుకెళ్లి దాచేదని ఆమెను పరీక్షించిన అలోయిస్ ఆల్జైమర్ నమోదుచేశాడు. 1906 ఏప్రిల్‌లో ఆమె మరణించాక మెదడును పరిశీలించి, నాడీకణాల లోపల చిక్కులుపడిన పోగులను, కణాల మధ్య గుంపులుగా పేరుకున్న పదార్థాన్ని చూసి, అదే ఏడాది నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో ఆ వివరాలను వినిపించాడు. 1910లో ఎమిల్ క్రెపెలిన్ తన మనోవైద్య పాఠ్యగ్రంథంలో ఆల్జైమర్ పేరు పెట్టినప్పుడు అది నడివయసులో వచ్చే అరుదైన వ్యాధిగానే లెక్క. ముసలితనంలో వచ్చే మతిక్షీణతను వేరుగా, వయసుతోపాటు వచ్చే శిథిలతగా చూసేవారు. రెండింటిలోనూ మెదడులో కనిపించే మార్పులు ఒకటే కనుక వాటిని ఒకే వ్యాధిగా పరిగణించాలని అమెరికన్ న్యూరాలజిస్టు రాబర్ట్ కాట్జ్‌మన్ 1976లో వాదించాడు. ఆ వాదన నెగ్గడం పరిశోధనకు ఎంతో మేలు చేసింది గాని, దానితోపాటు జనం మనసులోనూ, కొంతవరకు వైద్యుల మనసులోనూ ఈ వ్యాధి పూర్తిగా వృద్ధులదైపోయింది. మొదటి రోగికి 51 ఏళ్లన్న సంగతీ, ఆమె తొలి లక్షణం మరపు కాదన్న సంగతీ మరుగున పడ్డాయి.

ఎంతమందికి వస్తుందన్న ప్రశ్నకు, అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2021లో సమాధానం చెప్పింది: 30 నుంచి 64 ఏళ్ల మధ్య ఉన్నవారిలో లక్షకు సుమారు 119 మంది, ప్రపంచం మొత్తం మీద దాదాపు 39 లక్షల మంది. ముప్పైలలో అత్యల్పంగా ఉండే ఈ సంఖ్య యాభై దాటాక బాగా పెరుగుతుంది. భారతదేశానికి సంబంధించి తరచుగా చెప్పే అంచనా, అంటే 88 లక్షల మంది, 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం అన్నది. అంతకన్నా చిన్నవారు ఆ లెక్కలోకే రారు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, అందరూ నిమ్స్ అనే ఆసుపత్రి, తన జ్ఞాపకశక్తి క్లినిక్‌కు వచ్చిన సుమారు మూడున్నర వందల మంది డిమెన్షియా రోగుల వివరాలను 2011లో ప్రచురించింది. వారి సగటు వయసు 66 ఏళ్లు. పాశ్చాత్య దేశాల క్లినిక్‌లతో పోలిస్తే అది దాదాపు పదేళ్లు తక్కువ. దేశ జనాభాలోనే యువత ఎక్కువ కావడం ఇందుకు కొంత కారణం కావచ్చు, అయినా సగటే అక్కడ ఉన్నప్పుడు హద్దుకు ఇవతల నిలిచినవారు కొద్దిమందే అయివుండరు.

చిన్నవయసులో వచ్చే ఆల్జైమర్స్‌లో సుమారు మూడో వంతు కేసులు మరపుతో కాక వేరే దారిన మొదలవుతాయి. మెదడు వెనుక భాగంలో, కళ్లు పంపిన సంకేతాలను అర్థవంతమైన దృశ్యంగా మలచే ప్రాంతంలో క్షీణత మొదలైతే దానిని పోస్టీరియర్ కార్టికల్ అట్రోఫీ అంటారు. 1988లో ఫ్రాంక్ బెన్సన్ బృందం దీనిని ప్రత్యేకంగా వర్ణించింది. కంటిచూపు నిక్షేపంగా ఉంటుంది, కానీ బల్ల మీద నలుగురి కళ్లకూ కనపడే తాళంచెవి ఆ మనిషికి కనపడదు; చదివేటప్పుడు పంక్తి తప్పిపోతుంది; మెట్లు దిగాలంటే భయం వేస్తుంది; బండి నిలిపేటప్పుడు పక్క బండి ఎంత దూరంలో ఉందో అంతు చిక్కదు; చొక్కా చేతులు ఏవైపువో తెలియవు. సహజంగానే మొదట కంటి వైద్యుని దగ్గరకు వెళతారు, అద్దాలు మారుతాయి, కొందరికి శుక్లాల ఆపరేషన్ కూడా అవుతుంది, ఇబ్బంది మాత్రం అలాగే ఉంటుంది. ఆంగ్ల రచయిత టెరీ ప్రాచెట్‌కు 2007లో, 59వ ఏట నిర్ధారణ అయినది ఈ రూపమే. ఆయన ఆ తరువాత కూడా, టైపు చేయడం కష్టమయ్యాక చెప్పి రాయించుకుంటూ, నవలలు వెలువరించాడు. ఇంకొందరిలో క్షీణత ఎడమవైపు భాషాకేంద్రాల దగ్గర మొదలవుతుంది. తెలిసిన మాటే నోటికి రాక వాక్యం మధ్యలో ఆగిపోవడం, విన్న పొడవైన వాక్యాన్ని తిరిగి చెప్పలేకపోవడం వారి తొలి లక్షణాలు. లెక్కల్లో ఆరితేరిన మనిషి చిల్లర లెక్కపెట్టడంలో తడబడటం మరొక ఆరంభం.

వీటన్నిటికన్నా ఎక్కువగా దారితప్పించేది ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా. పేరు సూచించినట్టే ఇందులో నుదుటి వెనుక ఉండే లలాట ఖండం, కణతల లోపల ఉండే కణత ఖండం కుంచించుకుపోతాయి. ప్రాగ్ నగరంలో పనిచేసిన ఆర్నాల్డ్ పిక్ 1892లో ఇలాంటి రోగిని తొలిసారి వర్ణించాడు కనుక చాలాకాలం పిక్ వ్యాధి అన్నారు. లలాట ఖండం మనిషిని మర్యాదలో నిలిపే భాగం. నోటిదాకా వచ్చిన మాటను ఆపేది, ఎదుటివారి ముఖం చూసి మనసు గ్రహించేది, ఉదయం లేవగానే ఏదో ఒక పని మీదకు మళ్లించేది అదే. అది దెబ్బతిన్నప్పుడు తలెత్తే మార్పులను 2011లో కుదిరిన అంతర్జాతీయ ప్రమాణాలు ఆరుగా గుర్తించాయి: సభ్యతాసంకోచాలు సడలిపోవడం, దేని మీదా ఆసక్తి లేకుండా పడివుండటం, సానుభూతి అడుగంటడం, ఒకే పనిని లేదా ఒకే మాటను విడవకుండా చేయడం, తిండి అలవాట్లు మారి ముఖ్యంగా తీపి మీద విపరీతమైన యావ పుట్టడం, జ్ఞాపకం సాపేక్షంగా బాగానే ఉండి ప్రణాళిక వేసే శక్తి మాత్రం సన్నగిల్లడం. వీటిలో మూడు స్పష్టంగా ఉంటే వ్యాధిని అనుమానించవచ్చు.

ఇవి పుస్తకంలో చదివినంత విస్పష్టంగా ఇంట్లో కనపడవు. ఇరవై ఏళ్లుగా నిక్కచ్చిగా ఉన్న ఉద్యోగి పై అధికారి ముఖం మీదే వెకిలిమాట అంటాడు; భార్యకు జ్వరం వచ్చి మంచం పట్టినా అన్నం ఎప్పుడు పెడతావని అడుగుతాడు; తమ్ముడి చావుకు వెళ్లి అక్కడ మిఠాయి వెతుక్కుంటాడు; ఎవరో ఫోనులో చెప్పిన పథకంలో పొదుపంతా పోస్తాడు. వియ్యాలవారి ఫోన్ నంబరు, బస్సుల వేళలు, పాత బాకీల లెక్కలు మాత్రం తడుముకోకుండా చెబుతాడు. అందువల్ల ఇంటివారికి ఇది జబ్బుగా తోచదు, గుణం మారడంగా తోస్తుంది. ఎవరో చెడగొట్టారని, వేరే సంబంధమేదో ఉందని, తాగుడు మరిగాడని, కొన్నిచోట్ల ఎవరో చేతబడి చేయించారని కూడా అనుకుంటారు. విడిపోయిన దంపతులలో, వేటుపడిన ఉద్యోగులలో, బజారులో చేతికందింది తీసుకుని పోలీసులకు చిక్కినవారిలో ఇలాంటి రోగులు ఉండటం వైద్యగ్రంథాలలో నమోదైన విషయమే. రోగికి తనలో మార్పు వచ్చిందన్న స్పృహ ఉండకపోవడం ఈ వ్యాధి లక్షణాలలోనే ఒకటి కాబట్టి, తప్పు ఒప్పుకోని మొండితనంగా అది ఇంటివారికి మరింత బాధ కలిగిస్తుంది.

ఇదే కుటుంబానికి చెందిన మరో రూపంలో మాటల అర్థాలే మెదడు నుంచి చెరిగిపోతాయి. మాట్లాడే ధార తగ్గదు, ఉచ్చారణ చెడదు. కానీ సొరకాయ తెమ్మంటే ‘సొరకాయంటే ఏమిటి?’ అని ఆ మనిషి నిజాయితీగా అడుగుతాడు. మరపులో మాట నాలుక చివర ఆగుతుంది, మొదటి అక్షరం అందిస్తే వచ్చేస్తుంది. ఇక్కడ మాట వినిపించినా దాని వెనుక ఉండవలసిన వస్తువే లేదు. ఈ తేడాను పట్టుకోగల వైద్యునికి ఎం.ఆర్.ఐ. తీయకముందే ఎడమ కణత ఖండం మీద అనుమానం వస్తుంది. ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా ఉన్నవారిలో కొందరికి కండరాలను నడిపే నాడులు కూడా క్షీణించి చేతుల్లో పట్టు తగ్గడం, మింగలేకపోవడం వంటి లక్షణాలు తోడవుతాయి గనుక, ప్రవర్తన మారిన రోగి నాలుకను, చేతి కండరాలను కూడా పరీక్షించడం అవసరం.

మిగిలిన కారణాలలో మెదడు రక్తనాళాల జబ్బు, తల మీద పదేపదే తగిలిన దెబ్బలు, మద్యం ముఖ్యమైనవి. ఫ్రాన్సులో ఆసుపత్రి రికార్డుల మీద జరిగి 2018లో వెలువడిన ఒక భారీ అధ్యయనంలో పిన్నవయసు డిమెన్షియా కేసులలో సగానికి పైగా మద్యపాన వ్యసనంతో ముడిపడి ఉన్నాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సంగతి ప్రత్యేకమైనది: ఆల్జైమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌కు మూలమైన జన్యువు 21వ క్రోమోజోము మీద ఉంది, వారికి ఆ క్రోమోజోము రెండుకు బదులు మూడు ప్రతులు ఉంటాయి, అందువల్ల నలభై దాటేసరికే వారి మెదడులో ఆల్జైమర్స్ మార్పులు కనిపిస్తాయి, చాలామందిలో యాభైలలో డిమెన్షియా బయటపడుతుంది.

నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక అధ్యయనం ప్రకారం తొలి లక్షణం నుంచి నిర్ధారణ దాకా వృద్ధులకు సగటున 2.8 ఏళ్లు పడితే, 65 లోపు వారికి 4.4 ఏళ్లు పట్టింది. వైద్య సదుపాయం బాగా ఉన్న దేశంలోనే ఇంత ఆలస్యం కావడాన్ని బట్టి, లోపం యంత్రాలది కాదనీ అనుమానం తట్టకపోవడానిదనీ గ్రహించవచ్చు. నలభై ఎనిమిదేళ్ల స్త్రీ పనిలో తడబడితే ముట్లుడిగే వయసు కదా అంటారు. యాభై రెండేళ్ల పురుషుడు ముభావంగా మారితే పని ఒత్తిడి అంటారు, కుంగుబాటు అంటారు. ప్రవర్తన మార్పుతో వచ్చే ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా రోగులలో దాదాపు సగం మందికి మొదట ఏదో ఒక మానసిక వ్యాధి పేరుతో చికిత్స జరిగిందని ఒక అమెరికన్ పరిశీలనలో తేలింది. ఈ పొరపాటుకు మనోవైద్యులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు, ఎందుకంటే కుంగుబాటు ఆ వయసులో డిమెన్షియా కన్నా ఎన్నో రెట్లు సాధారణం, పైగా డిమెన్షియా తొలిదశలో నిజంగానే కుంగుబాటు రావచ్చు. వేరుచేసే ఆధారాలు కొన్ని ఉన్నాయి. కుంగుబాటులో ఉన్న మనిషి దిగులును మాటల్లో చెప్పగలడు, అపరాధభావం ఉంటుంది, మందులతో దిగులు తగ్గేకొద్దీ జ్ఞాపకమూ తేరుకుంటుంది. లలాట ఖండం క్షీణించిన మనిషి నిరాసక్తంగా ఉంటాడే గాని విచారంగా ఉండడు. అంతకుముందు ఎన్నడూ మానసిక వ్యాధి లేని మనిషికి యాభై ఏళ్ల వయసులో మొదటిసారి వచ్చి, తగినన్ని వారాలు మందులు వాడినా లొంగని ‘కుంగుబాటు’ను మెదడు పరీక్ష లేకుండా సాగనీయకూడదు.

దీనికి మరో అంచు ఉంది. నలభై ఏళ్లకు మరపు వస్తోందని భయపడి వైద్యుని దగ్గరకు వచ్చేవారిలో అత్యధికులకు డిమెన్షియా ఉండదు. నిద్రలేమి, గురకతో కూడిన శ్వాస ఆటంకం, ఆందోళన, నిద్రమాత్రలు, ఒకేసారి నాలుగు పనులు మోసే జీవనం వారి ఏకాగ్రతను చెదరగొడతాయి. ముట్లుడిగే దశలో వచ్చే మందకొడితనం కూడా నిజమైనదే గాని, అది ఏడాదికేడాది ముదిరి మనిషిని పనికి దూరం చేయదు. అనుభవజ్ఞులైన వైద్యులు ఇక్కడ ఒక చిన్న విషయాన్ని గమనిస్తారు: తన మరపుల జాబితాను తేదీలతో సహా తానే వివరించేవారిలో వ్యాధి ఉండే అవకాశం తక్కువ, తనకేమీ లేదంటూ, ప్రతి ప్రశ్నకూ జవాబు కోసం పక్కనున్న భార్యవైపో భర్తవైపో తల తిప్పేవారిలో ఎక్కువ. తల తిప్పడం ఆల్జైమర్స్‌కు ఒక గుర్తుగానే వైద్యసాహిత్యంలోకి ఎక్కింది.

అందుచేత నిర్ధారణలో అన్నిటికన్నా విలువైనది దగ్గరివారు చెప్పే కథ, అదీ వీలైతే రోగి ముందు కాక విడిగా. మనిషి అందరితో పోలిస్తే ఎలా ఉన్నాడన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఐదేళ్ల కిందటి తనతో పోలిస్తే ఎలా ఉన్నాడన్నదే ప్రశ్న. ఎప్పటి నుంచి అని అడిగితే ‘ఈ మధ్యే’ అన్న జవాబు వస్తుంది. పెద్దమ్మాయి పెళ్లినాటికి బాగున్నాడా, ఆ పెళ్లి లెక్కలు ఎవరు చూశారు, మొన్నటి సంక్రాంతికి ఊరికి బండి తానే నడిపాడా అని గుర్తున్న సందర్భాలకు ముడిపెట్టి అడిగితే రెండు మూడేళ్లు వెనక్కి జరుగుతుంది. ఏది మొదట చెడింది అన్నది ఏవేవి చెడ్డాయి అన్నదానికన్నా ముఖ్యం, ఎందుకంటే వ్యాధి ముదిరాక అన్ని రూపాలూ ఒకేలా కనిపిస్తాయి. కుటుంబచరిత్రను మూడు తరాల దాకా అడగాలి. ‘తాతయ్యకు మతి తప్పింది’ అన్నమాట వినగానే ఏ వయసులో అని అడగడం, చిన్నవయసులోనే పోయినవారు, ఆత్మహత్య చేసుకున్నవారు, పిచ్చివాడని ముద్రపడినవారు ఎవరైనా ఉన్నారా అని తడమడం అందులో భాగం. తెలుగు ప్రాంతాలలో మేనరికాలు ఎక్కువ కావడం వల్ల తల్లిదండ్రుల బంధుత్వాన్ని కూడా అడగవలసి ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపభూయిష్ట ప్రతులు కలిస్తేనే వచ్చే జన్యువ్యాధులకు మేనరికం అవకాశం పెంచుతుంది.

అలాంటి వాటిలో విల్సన్ వ్యాధిని గుర్తుపెట్టుకోవడం ప్రాణాధారం. శరీరం రాగిని బయటకు పంపలేక కాలేయంలోనూ మెదడులోనూ పేర్చుకోవడం వల్ల ఇరవైలలో, ముప్పైలలో చదువు మందగించడం, స్వభావం మారడం, మాట ముద్దగా రావడం, చేతులు వణకడం మొదలవుతాయి. నల్లగుడ్డు అంచున రాగి పేరుకున్న వలయం కంటి వైద్యుని దీపం కింద కనిపిస్తుంది. రాగిని తొలగించే మందులు సకాలంలో మొదలైతే మనిషి నిలదొక్కుకోగలడు. పిన్నవయసులో ఇలా తిరిగి బాగుచేయగల కారణాల కోసం పట్టుపట్టి వెతకాలన్నది న్యూరాలజీలో తిరుగులేని నియమం. బి12 విటమిన్ లోపం శాకాహారులలోనూ, మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ సామాన్యం, థైరాయిడ్ మందగించడం మరీ సామాన్యం, సిఫిలిస్, హెచ్.ఐ.వి. పరీక్షలకు మొహమాటపడితే నష్టపోయేది రోగి. తలకు తగిలిన దెబ్బ మరిచిపోయిన వారాలకు మెదడు పొరల మధ్య నెమ్మదిగా చేరిన రక్తం, మెదడు గదులలో నీరు ఎక్కువ కావడం, కణితి, క్షయ వల్ల వచ్చిన మెదడుపొరల వాపు స్కాన్‌తోనూ వెన్నునుంచి తీసిన ద్రవంతోనూ బయటపడతాయి. గత రెండు దశాబ్దాలలో కొత్తగా తెలిసినవి, శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే మెదడు మీద తిరగబడే జబ్బులు. వాటిలో ఒకదానిలో ముఖమూ అదే వైపు చేయీ రోజుకు పదులసార్లు క్షణకాలం బిగుసుకుంటాయి, రక్తంలో సోడియం పడిపోతుంది, కొద్ది వారాలలోనే జ్ఞాపకం కుప్పకూలుతుంది, స్టెరాయిడ్లతో మనిషి చాలావరకు తేరుకుంటాడు. క్షీణత ఏళ్లలో కాక వారాలలో, నెలలలో సాగితే అది వేరే జాబితా అని వైద్యుడు వెంటనే మేలుకోవాలి.

ఆ తరువాతే మానసిక సామర్థ్య పరీక్షలు. 1975లో వచ్చిన 30 మార్కుల చిన్న పరీక్ష, ఎం.ఎం.ఎస్.ఇ., ప్రపంచమంతా వాడుకలో ఉన్నదే, కానీ అది జ్ఞాపకానికీ దిక్కు తెలియడానికీ పెట్టినంత పెద్దపీట లలాట ఖండపు పనులకు పెట్టదు. ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా రోగి అందులో 29 తెచ్చుకుని, ‘పరీక్షలో బాగానే ఉంది’ అన్న కాగితంతో ఇంటికి వెళ్లడం అరుదేమీ కాదు. శ్రద్ధ, జ్ఞాపకం, మాటల ధార, భాష, దృశ్యగ్రహణం అన్న ఐదు అంశాలను 100 మార్కులకు కొలిచే ఆడెన్‌బ్రూక్స్ పరీక్ష ఇంతకన్నా మెరుగు. దానికి తెలుగు రూపం ఉంది. నిమ్స్ బృందం దానిని ఉపయోగించింది. పరీక్షను తెలుగులోకి తేవడమంటే ప్రశ్నలను మాటకుమాట మార్చడం కాదు. ఆంగ్లపదాన్ని వెనుక నుంచి అక్షరాలవారీగా చెప్పమనే ప్రశ్న గుణింతాలు, వత్తులు ఉన్న లిపిలో పనికిరాదు, బడికి వెళ్లనివారికి అసలే పనికిరాదు. భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతోపాటు హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళం భాషలలో ఒక పరీక్షల సమితిని రూపొందించడం ఈ లోటును తీర్చే ప్రయత్నమే. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి, సహపరిశోధకులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఫలితం ప్రపంచమంతా చర్చకు వచ్చింది: రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా ఒకే భాష మాట్లాడేవారికన్నా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివారిలో సైతం ఆ తేడా నిలిచింది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు రోజూ కలిసి నడిచే హైదరాబాదు వంటి నగరం లేకుంటే ఆ పరిశోధనకు తగిన రోగులు దొరికేవారు కారు. దీని ఇంకో ముఖం ఏమిటంటే, చదువు, బహుభాషా పరిచయం, మేధాశ్రమ ఉన్న నడివయసు ఉద్యోగి మెదడు లోపల చాలా నష్టపోయాక కూడా పరీక్షలో ‘సాధారణం’ అనిపించుకోగలడు. అతనికి మార్కులకన్నా ఆరునెలల తరువాత మళ్లీ చేసిన పరీక్షతో పోలికే ఎక్కువ చెబుతుంది.

ఎం.ఆర్.ఐ. తీసేది కణితి లేదని చెప్పుకోవడానికి మాత్రమే కాదు. ఏ భాగం కుంచించుకుపోయిందో చూడటానికి కూడా. తొలిదశలో అది మామూలుగానే కనిపించవచ్చు, అప్పుడు మెదడులో ఏ ప్రాంతం చక్కెరను తక్కువగా వాడుకుంటోందో చూపే పెట్ స్కాన్ ఉపకరిస్తుంది. ఆల్జైమర్స్‌ను తేల్చడానికి వెన్నుద్రవంలో అమిలాయిడ్, టావ్ అనే ప్రొటీన్ల మోతాదులను కొలుస్తారు. ఇప్పుడు అదే పని రక్తపరీక్షకు చేరువవుతోంది: టావ్ ప్రొటీన్‌లో ఒక ప్రత్యేక రూపాన్ని కొలిచే రక్తపరీక్షకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 మేలో అనుమతి ఇచ్చింది, అదీ లక్షణాలు ఉండి 55 ఏళ్లు నిండినవారికి మాత్రమే. 45 ఏళ్ల రోగి ఆ అనుమతి పరిధిలోకే రాడు. లక్షణాలు లేనివారు కుతూహలం కొద్దీ చేయించుకోవలసిన పరీక్ష కూడా కాదు. నాడీకణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి విడుదలయ్యే న్యూరోఫిలమెంట్ అనే మరో ప్రొటీన్ మీద ఆస్ట్రేలియాలో జరుగుతున్న పరిశోధన పిన్నవయసు రోగులకు ఇంకా నేరుగా పనికొస్తుంది, ఎందుకంటే అది మానసిక వ్యాధిలో పెద్దగా పెరగదు, మెదడు క్షీణించే వ్యాధులలో పెరుగుతుంది.

జన్యుపరీక్ష విషయంలో తొందర ప్రమాదం. ఆల్జైమర్స్‌ను నేరుగా కలిగించే మూడు జన్యువులలో మొదటిదాని లోపం 1991లో, మిగిలిన రెండూ 1995లో తెలిశాయి. ఆ లోపాలలో ఏదో ఒకటి తల్లి లేదా తండ్రిలో ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం. కొలంబియాలోని ఆంటియోకియా ప్రాంతంలో ఇలాంటి ఒకే ఉత్పరివర్తనం ఉన్న వందలాది మంది బంధువులను ఫ్రాన్సిస్కో లోపెరా దశాబ్దాల పాటు అధ్యయనం చేశాడు. వారిలో 44 ఏళ్ల ప్రాంతంలో తొలి లక్షణాలు, 49 ప్రాంతంలో డిమెన్షియా వస్తాయి. అదే లోపం ఉన్న ఒక స్త్రీ డెబ్బై ఏళ్లు దాటేదాకా నిలిచిందని, మరొక అరుదైన జన్యుభేదం ఆమెను కాపాడి ఉండవచ్చని 2019లో వెల్లడైంది. ఇంతటి ఖచ్చితమైన వారసత్వం పిన్నవయసు ఆల్జైమర్స్‌లో చిన్న భాగానికే వర్తిస్తుంది. మిగిలినవారికి కుటుంబంలో ఎవరికీ ఉండకపోవచ్చు. ఫ్రాంటోటెంపొరల్ రూపంలో వారసత్వం పాలు అంతకన్నా ఎక్కువ. రోగికి జన్యుపరీక్ష చేయడమంటే, అడగకుండానే అతని ఇరవై ఏళ్ల కూతురి భవిష్యత్తును కూడా తెరిచి చూడటమే కనుక, పరీక్షకు ముందు జన్యు సలహాదారుతో మాట్లాడటం, తెలుసుకోకుండా ఉండే హక్కు ఆ పిల్లలకు ఉందని చెప్పడం తప్పనిసరి. పెళ్లిసంబంధాల మాటల్లో ఇలాంటి ఫలితాన్ని ఎలా వాడుకుంటారో తెలిసిన సమాజంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

నిర్ధారణ అయిన తరువాత వైద్యపరంగా ఒనగూరేది వ్యాధిని బట్టి మారుతుంది. డొనెపెజిల్ వంటి మాత్రలు ఆల్జైమర్స్‌లో కొంతకాలం ఉపశమనమిస్తాయి, ఫ్రాంటోటెంపొరల్ రూపంలో ప్రయోజనం చూపకపోగా ప్రవర్తనను మరింత చెదరగొట్టవచ్చు. పేరు తప్పితే మందూ తప్పుతుందనడానికి ఇదొక్కటి చాలు. అమెరికాలో 2023లో పూర్తి అనుమతి పొందిన లెకనెమాబ్, 2024లో వచ్చిన డొనానెమాబ్ అమిలాయిడ్‌ను తొలగించి క్షీణతను కొంత నెమ్మదింపజేస్తాయి గాని ఆపవు, మెదడులో వాపు, రక్తస్రావం వంటి దుష్ఫలితాల కోసం పదేపదే స్కాన్లు తీయాలి, తొలిదశలో తప్ప ఇవ్వరు. 

నడివయసు రోగికి మందుకన్నా ముందు తీరవలసిన లెక్క చాలాసార్లు ఉద్యోగానిది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016, ఇరవయ్యో సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి సర్వీసులో ఉండగా వైకల్యానికి గురైతే అతనిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పనికి తగడనుకుంటే అదే జీతంతో వేరే పనికి మార్చాలి, అలాంటి ఖాళీ లేకుంటే అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. చట్టంలో పేర్కొన్న 21 వైకల్యాలలో డిమెన్షియా పేరు విడిగా లేదు, మానసిక అస్వస్థత కిందనో దీర్ఘకాలిక నాడీవ్యాధి కిందనో ధ్రువపత్రం తెచ్చుకోవలసి ఉంటుంది. అయితే నిర్లక్ష్యం పేరుతో మెమోలు అందుకుని, విచారణ ఎదుర్కొని, అవమానం భరించలేక నిర్ధారణకు ముందే రాజీనామా చేసిన మనిషికి సర్వీసులో ఉండగానే వ్యాధి వచ్చిందని రుజువుచేయడం కష్టం. అందువల్ల తొలి లక్షణం ఏ సంవత్సరం, ఏ నెలలో కనిపించిందో, ఎవరు గమనించారో మొదటి ఓ.పి. చీటీ మీదే వైద్యుడు రాసిపెట్టడం, ఆ చీటీని కుటుంబం భద్రపరచడం నిర్ధారణలో భాగంగానే లెక్కించవలసిన పని.